వెండర్ ఇచ్చిన ఓవీఏని బటన్ నొక్కి క్లౌడ్‌లో పెట్టొద్దు

ముందే చెప్పేస్తాను. వెండర్ దగ్గర్నుంచి వచ్చిన వర్చువల్ అప్లయన్స్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా అంతా సర్ది ఇచ్చే రెడీమేడ్ వర్చువల్ మెషీన్‌ని, మీ క్లౌడ్‌లోకి తేవాలంటే వెబ్ కన్సోల్‌లో అప్‌లోడ్ బటన్ ఎక్కడుందా అని వెతక్కండి, టెర్మినల్ తెరవండి. ఫైర్‌వాల్ కావచ్చు, బ్యాకప్ సర్వర్ కావచ్చు, మానిటరింగ్ టూల్ కావచ్చు, ఓవీఏ అనే ఒక్క ఫైలు ప్యాకేజీగా వచ్చిన ప్రతిదానికీ ఇదే మాట. బటన్ నొక్కితే పనైపోతుందనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కొన్నిసార్లు నిజంగానే అయిపోతుంది కూడా, అందుకే ఆ అలవాటు పోదు. ఇంపోర్ట్ అంటే ఫైల్ కాపీ చేయడమే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది. అక్కడ జరిగేది ఒక మెషీన్ కింద ఉన్న హార్డ్‌వేర్ అంతా మార్చేయడం. డిస్క్ కంట్రోలర్ మారుతుంది, నెట్‌వర్క్ కార్డు మారుతుంది, మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు గుర్తింపు సంఖ్య) మారుతుంది, ఒక్కోసారి మెషీన్‌ని మొదట లేపే ఫర్మ్‌వేర్ కూడా మారుతుంది. వీటిలో ప్రతిదాని మీదా ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోవాలి. బటన్ నొక్కినప్పుడు ఆ నిర్ణయాలు మీకు తెలియకుండా జరిగిపోతాయి. కమాండ్ ఇచ్చినప్పుడు మీరే రాస్తారు, రాసింది మిగులుతుంది.

ఈ విషయం ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది. 2023 నవంబర్ 22న బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొనేసింది, ఆ తర్వాత నెలలోనే పర్పెచువల్ (ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే) లైసెన్సుల అమ్మకం ఆపేసి అందర్నీ సబ్‌స్క్రిప్షన్ వైపు నెట్టింది. అప్పట్నుంచి ఏళ్ల తరబడి వీఎంవేర్ హైపర్‌వైజర్ (ఒకే సర్వర్ మీద చాలా వర్చువల్ మెషీన్లని నడిపే సాఫ్ట్‌వేర్) ఈఎస్ఎక్స్ఐ మీద హాయిగా నడుస్తున్న మెషీన్లని ఓపెన్‌స్టాక్‌కో (సొంత క్లౌడ్ కట్టుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్), ప్రాక్స్‌మాక్స్‌కో, అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కో మార్చే పని ఎక్కడ చూసినా కనిపిస్తోంది. మన సొంత అప్లికేషన్లయితే ఏదో విధంగా కొత్త సర్వర్ మీద మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటాం. అప్లయన్స్‌తో ఆ వీలు లేదు. దాని లోపల ఏముందో వెండర్‌కే తెలుసు, రూట్ పాస్‌వర్డ్ మనకివ్వరు, ఇన్‌స్టాలర్ విడిగా ఉండదు. ఇచ్చేది ఒక్క ఫైలు, దాంతోనే మనం తిప్పలు పడాలి.

ఆ ఫైలు ఏంటో ఒకసారి చూద్దాం. ఓవీఏ అంటే మామూలు టార్ ఫైలు, అంటే కొన్ని ఫైళ్లని కలిపి కట్టిన మూట, ఇంకేమీ కాదు. టార్ కమాండ్‌కి టీ, వీ, ఎఫ్ ఆప్షన్లు ఇచ్చి లోపలి జాబితా చూస్తే మొదట ఒక ఓవీఎఫ్ ఫైలు, తర్వాత మ్యానిఫెస్ట్, ఆ తర్వాత ఒకటో రెండో వీఎండీకే (వీఎంవేర్ డిస్క్ ఫార్మాట్) డిస్కులు కనిపిస్తాయి. కొన్నిటిలో సర్టిఫికెట్ కూడా ఉంటుంది. ఓవీఎఫ్ అంటే ఎక్స్ఎంఎల్‌లో రాసిన వర్ణన: ఈ మెషీన్‌కి ఇన్ని సీపీయూలు, ఇంత మెమరీ, ఈ రకం డిస్క్ కంట్రోలర్, ఈ రకం నెట్‌వర్క్ కార్డు కావాలి అని. 2007 సెప్టెంబర్‌లో డెల్, హెచ్‌పీ, ఐబీఎం, మైక్రోసాఫ్ట్, వీఎంవేర్, జెన్‌సోర్స్ కలిసి ఈ ఫార్మాట్‌ని డీఎంటీఎఫ్ అనే స్టాండర్డ్స్ సంస్థ ముందు పెట్టాయి, 2009లో 1.0 వెర్షన్ వచ్చింది, 2011లో ఐఎస్ఓ స్టాండర్డ్ కూడా అయింది. ఒకసారి ప్యాక్ చేస్తే ఏ హైపర్‌వైజర్ మీదైనా పెట్టుకోవచ్చు అనేది ఆశ. ఆ ఆరుగురిలో అమెజాన్ లేదు, దాని వర్చువల్ సర్వర్ల సర్వీస్ ఈసీ2 అప్పటికే ఏడాది నుంచి నడుస్తోంది. ఈ రెండు లోకాల మధ్య ఉన్న ఖాళీనే ఇప్పటికీ మనం కమాండ్లతో పూడుస్తున్నాం.

స్టాండర్డ్ చెడ్డదని నేననట్లేదు. వర్ణన రాసే పద్ధతిని అది బాగానే ఒక దారికి తెచ్చింది. కానీ వర్ణన ఎలా రాయాలో ఒప్పుకున్నంత మాత్రాన లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి అన్ని డ్రైవర్లూ వచ్చేయవు కదా. ఎక్స్ఎంఎల్‌లో డిస్క్ కంట్రోలర్ దగ్గర ఎల్ఎస్ఐ లాజిక్ అనో, వీఎంవేర్ పారావర్చువల్ అనో ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు దగ్గర వీఎంఎక్స్‌నెట్3 ఉంటుంది. లినక్స్‌లోని హైపర్‌వైజర్ కేవీఎం మీద నడిచే క్లౌడ్‌లో మామూలుగా ఇచ్చేది వర్టియో రకం డిస్కు, నెట్‌వర్క్ కార్డు. ఈసీ2లో నైట్రో రకం ఇన్‌స్టెన్స్ (కొత్త తరం వర్చువల్ మెషీన్) తీసుకుంటే డిస్కులు ఎన్‌వీఎంఈ లాగా కనిపిస్తాయి, నెట్‌వర్క్‌కి ఈఎన్ఏ డ్రైవర్ కావాలి. వెండర్ ఆ ఇమేజ్ కట్టినప్పుడు ఇవేవీ ఊహించి ఉండడు.

అందుకే నేను మొదట చేసే పని ఓవీఏని విప్పి ఓవీఎఫ్ ఫైలుని పూర్తిగా చదవడం. ఐదు నిమిషాల పని, పెద్ద చదువేం అక్కర్లేదు. చూడాల్సింది డిస్క్ కంట్రోలర్ రకం, నెట్‌వర్క్ కార్డు రకం, ఫర్మ్‌వేర్ అనే కీ ఎదురుగా ఈఎఫ్ఐ (పాత బయోస్ బదులు వచ్చిన ఫర్మ్‌వేర్) అని రాసుందా లేదా, డిస్క్ కెపాసిటీ ఎంత, ప్రోడక్ట్ సెక్షన్‌లో ఏమేం ప్రాపర్టీలున్నాయి. ప్రోడక్ట్ సెక్షన్ గురించి తర్వాత విడిగా చెప్తాను, అసలు తలనొప్పి అక్కడే. పక్కనే మ్యానిఫెస్ట్‌లో ఒక్కో ఫైలుకీ ఎస్‌హెచ్ఏ విలువలు (ఫైలు వేలిముద్ర లాంటివి) రాసి ఉంటాయి, షా256సమ్ కమాండ్ కొట్టి పోల్చి చూసుకోవాలి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిన డిస్కు మీద గంటలు గంటలు పని చేయడం కంటే దండగ ఇంకోటి లేదు.

తర్వాత డిస్కు. డిస్క్ ఇమేజ్‌లని చూడటానికీ మార్చడానికీ వాడే క్యూఎము ఇమేజ్ టూల్‌లో ఇన్ఫో కమాండ్ ఇస్తే రెండు సైజులు చూపిస్తుంది: ఫైలు ఎంతుంది, లోపల మెషీన్‌కి ఎంత డిస్కు కనిపిస్తుంది. ఓవీఏలో వచ్చే వీఎండీకే సాధారణంగా స్ట్రీమ్ ఆప్టిమైజ్డ్ రకం, అంటే కంప్రెస్ చేసి నెట్‌వర్క్ మీద పంపడానికి వీలుగా పేర్చింది. మూడు జీబీల ఫైలు లోపల నూరు జీబీల డిస్కు ఉండటం మామూలే. ఈ నూరు అన్న అంకె తెలియకుండా ముందుకెళ్తే ఎక్కడో ఒకచోట తగులుతుంది: చిన్న ఫ్లేవర్ (మెషీన్ సైజు) ఎంచుకుంటే మెషీన్ పుట్టదు, కోటా చాలదు, బిల్లు అనుకున్నదానికంటే ఎక్కువొస్తుంది.

ఇక్కడ ఒక మాట, ముఖ్యంగా ఇంట్లోనో చిన్న ఆఫీసులోనో కూర్చుని ఈ పని చేసేవాళ్లకి. కన్వర్షన్ మీ ల్యాప్‌టాప్ మీద చేయకండి. క్యూకౌ2కో (కేవీఎం వాడే డిస్క్ ఫార్మాట్) రా ఫార్మాట్‌కో (డిస్కు ఉన్నదున్నట్టు) మార్చాక ఫైలు పెరుగుతుంది, మన బ్రాడ్‌బ్యాండ్ అప్‌లోడ్ మీద దాన్ని ఎక్కించడం అంటే రాత్రంతా స్క్రీన్ ముందు జాగారం. అదే క్లౌడ్‌లో ఒక చిన్న లినక్స్ మెషీన్ లేపండి, వెండర్ లింక్ నుంచి ఓవీఏని నేరుగా దాని మీదకి డబ్ల్యూగెట్ కమాండ్‌తో దింపండి, అక్కడే టార్ విప్పి అక్కడే కన్వర్ట్ చేసి అక్కడినుంచే ఇమేజ్ సర్వీస్‌కి పంపండి, పనైపోయాక ఆ మెషీన్ తీసేయండి. బ్రౌజర్‌లో అప్‌లోడ్ బటన్ నమ్ముకున్నవాళ్లకి ఈ దారి దొరకదు, ఎందుకంటే బ్రౌజర్ వాళ్ల టేబుల్ మీదుంది, ఫైలు కూడా వాళ్ల టేబుల్ మీదికి రావాల్సిందే.

ఓపెన్‌స్టాక్ విషయానికొస్తే గ్లాన్స్ అనే ఇమేజ్ సర్వీస్‌లోకి పంపే కమాండ్ ఓపెన్‌స్టాక్ ఇమేజ్ క్రియేట్. దానికి డిస్క్ ఫార్మాట్, కంటెయినర్ ఫార్మాట్ అని రెండు చెప్పాలి. కంటెయినర్ ఫార్మాట్‌లో ఓవీఏ అనే ఎంపిక కూడా ఉంది, అది చూసి చాలామంది సంతోషపడతారు. ఓవీఏని అలాగే పంపిస్తే తీసుకుంటుంది, స్టేటస్ యాక్టివ్ అని వస్తుంది. కేవీఎం మీద నడిచే క్లౌడ్‌లో ఆ ఇమేజ్ బూట్ అవదు, ఎందుకంటే దాన్ని విప్పి లోపలి డిస్కు బయటికి తీసేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. యాక్టివ్ అంటే బైట్లు వచ్చి చేరాయి అనే అర్థం తప్ప మెషీన్ నడుస్తుందన్న హామీ ఏమీ లేదు. డిస్కు విడిగా తీసి, క్యూకౌ2కి మార్చి, కంటెయినర్ బేర్ (పైన ఇంకే ప్యాకేజీ లేదు) అని చెప్పి పంపాలి. వెనకాల స్టోరేజ్ సెఫ్ (చాలా సర్వర్ల డిస్కులని కలిపి వాడే సాఫ్ట్‌వేర్) అయితే రా ఫార్మాట్ పంపండి, అప్పుడే కొత్త మెషీన్ కాపీ లేకుండా క్లోన్‌తో లేస్తుంది; క్యూకౌ2 పెడితే మెషీన్ పుట్టించేటప్పుడు ఇమేజ్‌ని దింపుకుని రాకి మార్చే పని మెషీన్లు నడిపే సర్వర్, అంటే కంప్యూట్ నోడ్ నెత్తిన పడుతుంది.

ఇక బూట్. ఇక్కడే ఎక్కువమంది చేతులెత్తేస్తారు కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను. మానిటరింగ్ అప్లయన్స్ ఒకటి, రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్ మీద కట్టింది, కేవీఎం మీద లేపితే కన్సోల్ లాగ్‌లో కర్నెల్ మెసేజీలు చకచకా వచ్చాయి, తర్వాత ఆగిపోయింది. కాసేపటికి డ్రాకట్ ఇనిట్‌క్యూ టైమౌట్ అని వరసగా హెచ్చరికలు, చివర్లో రూట్ వాల్యూమ్ దొరకలేదని ఒక లైను, ఆ తర్వాత ఎమర్జెన్సీ షెల్. డిస్కు పాడైపోయిందని, ఇమేజ్ మళ్లీ దింపాలని చూసినవాళ్లకి అనిపిస్తుంది. డిస్కుకి ఏమీ కాలేదు. రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌లలో డ్రాకట్ అనే టూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో డిస్కుని గుర్తుపట్టే చిన్న ఇమేజ్) కట్టేటప్పుడు ఆ సమయానికి ఏ హార్డ్‌వేర్ మీదుందో దాని డ్రైవర్లనే పెట్టుకుంటుంది. వెండర్ వీఎంవేర్ మీద కట్టాడు కాబట్టి వీఎంవేర్ డ్రైవర్లే ఉన్నాయి, వర్టియో డిస్కు ఎదురుగా ఉన్నా గుర్తుపట్టే డ్రైవర్ ఆ చిన్న ఇమేజ్‌లో లేదు. డెబియన్ మీద కట్టిన అప్లయన్స్‌లకి ఈ గొడవ తక్కువ, అక్కడ డిఫాల్ట్‌గా ఎక్కువ డ్రైవర్లని కలుపుకునే పద్ధతి ఉంది.

దీనికి దారి ఇమేజ్ ప్రాపర్టీల్లో ఉంది. ఇమేజ్ సెట్ కమాండ్‌తో హెచ్‌డబ్ల్యూ డిస్క్ బస్ అనే ప్రాపర్టీకి సాటా అనీ, హెచ్‌డబ్ల్యూ విఫ్ మోడల్‌కి ఈ1000 అనీ ఇచ్చి కొత్త మెషీన్ లేపితే చాలాసార్లు బూట్ అవుతుంది, ఎందుకంటే ఆ పాతకాలపు హార్డ్‌వేర్‌కి డ్రైవర్లు చాలా ఇమేజ్‌లలో ఉంటాయి. ఓవీఎఫ్‌లో ఈఎఫ్ఐ ఉంటే హెచ్‌డబ్ల్యూ ఫర్మ్‌వేర్ టైప్‌కి యూఈఎఫ్ఐ అని చెప్పాలి, లేకపోతే నల్ల స్క్రీన్ తప్ప ఏమీ కనిపించదు. వేగం కావాలంటే లేచాక లోపల డ్రాకట్‌తో వర్టియో డ్రైవర్లు కలిపి ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ మళ్లీ కట్టి, అప్పుడు ప్రాపర్టీని వర్టియోకి మార్చుకోవచ్చు. లోపలికి వెళ్లే దారే లేకపోతే బయటినుంచి లిబ్‌గెస్ట్‌ఎఫ్ఎస్ టూల్స్ ఉన్నాయి, వర్ట్-వీ2వీ అయితే కన్వర్షన్, డ్రైవర్లు, బూట్ సెట్టింగులు అన్నీ ఒకే కమాండ్‌లో చేసిపెడుతుంది, ఓవీఏని నేరుగా ఇచ్చినా తీసుకుంటుంది. నాకు అది చాలా ఇష్టమైన టూల్. తనకి తెలియని ఆపరేటింగ్ సిస్టమ్ ఎదురైతే మాత్రం ఆగిపోతుంది, అలాంటప్పుడు చేతిపనే.

ఏ డిస్కు ఎక్కడ తగలాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ1 అని రాసిపెట్టిన వెండర్ల గురించి కూడా చెప్పాలి. వర్టియోలో అదే డిస్కు వీడీఏ అవుతుంది, నైట్రోలో ఎన్‌వీఎంఈ0ఎన్1 అవుతుంది. పేరు బదులు యూయూఐడీతో (మారని గుర్తింపు సంఖ్య) రాస్తే ఈ బాధే ఉండదు, ఇది ఏళ్ల నాటి సంగతి, ఇంకా పేర్లతో రాసే ఇమేజ్‌లు వస్తూనే ఉన్నాయంటే కోపం రాదా?

ప్రోడక్ట్ సెక్షన్ దగ్గరికి వస్తున్నాను. వీఎంవేర్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వీసెంటర్‌లో ఓవీఏ డిప్లాయ్ చేసినవాళ్లకి గుర్తుంటుంది, విజార్డ్‌లో చివర్లో ఒక పేజీ వస్తుంది: ఐపీ అడ్రస్, గేట్‌వే, డీఎన్ఎస్, హోస్ట్‌నేమ్, అడ్మిన్ పాస్‌వర్డ్ నింపమని. ఆ పేజీని వీసెంటర్ సొంతంగా కనిపెట్టదు, ఓవీఎఫ్‌లో వెండర్ రాసిన ప్రాపర్టీల నుంచే తయారుచేస్తుంది. మనం నింపిన విలువల్ని ఒక ఎక్స్ఎంఎల్‌గా చేసి, వీఎంవేర్ టూల్స్ ద్వారా గానీ, చిన్న ఐఎస్ఓ (సీడీ ఇమేజ్) డిస్కుగా గానీ మెషీన్‌కి అందిస్తుంది. మెషీన్ మొదటిసారి లేచినప్పుడు వాటిని చదివి తనని తాను సర్దుకుంటుంది. క్లౌడ్‌లోకి డిస్కు మాత్రమే తెచ్చినప్పుడు ఈ ఏర్పాటంతా వెనకే ఉండిపోతుంది. మెషీన్ లేస్తుంది, ఎవరో తనకి విలువలు ఇస్తారని చూస్తుంది, ఎవరూ ఇవ్వరు. అప్పుడు కొన్ని డీహెచ్‌సీపీ తీసుకుని ఊరుకుంటాయి, కొన్ని లాగిన్ స్క్రీన్ దగ్గర నిలబడిపోతాయి, కొన్ని డాక్యుమెంటేషన్‌లో అచ్చేసిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో నెట్‌వర్క్ మీదకి వచ్చేస్తాయి.

ఈ మూడోది నన్ను నిజంగా భయపెడుతుంది. పబ్లిక్ ఐపీ ఇచ్చి, సెక్యూరిటీ గ్రూప్ (నెట్‌వర్క్ రాకపోకల నియమాలు) వదులుగా పెట్టి, డిఫాల్ట్ పాస్‌వర్డ్‌తో లేచిన అప్లయన్స్‌ని ఎవరైనా పట్టుకోవడానికి ఎంతసేపూ పట్టదు. అందుకే కొత్త ఇమేజ్‌ని మొదటిసారి లేపేటప్పుడు బయటికి దారిలేని నెట్‌వర్క్‌లో మాత్రమే లేపాలి, ఇది నేను ఎవరితోనూ రాజీపడని విషయం. వెండర్ ఐఎస్ఓ పద్ధతిని ఒప్పుకుంటే ఓవీఎఫ్ ఎన్విరాన్‌మెంట్ ఎక్స్ఎంఎల్‌ని మనమే రాసి, జెన్‌ఐఎస్ఓఇమేజ్‌తో చిన్న ఐఎస్ఓ చేసి, సీడీ లాగా తగిలిస్తే సరిపోతుంది. లోపల క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో సెట్టింగులు వేసే ప్రోగ్రామ్) ఉంటే ఇంకా మంచిది, అది ఓవీఎఫ్ పద్ధతిని కూడా చదవగలదు, క్లౌడ్ మెటాడేటాని కూడా చదవగలదు. ఈ ఎక్స్ఎంఎల్ కూడా, మన కమాండ్లన్నీ రాసిపెట్టుకున్న స్క్రిప్ట్ పక్కనే, కోడ్ రిపోలో ఉండాలి, పాస్‌వర్డ్‌ల చోట మాత్రం ఖాళీ ఉంచి.

ఏడబ్ల్యూఎస్‌లో కథ వేరేలా నడుస్తుంది. ఓవీఏని ఎస్3 స్టోరేజ్ బకెట్‌లో పెట్టి, ఏడబ్ల్యూఎస్ ఈసీ2 ఇంపోర్ట్-ఇమేజ్ కమాండ్ ఇస్తే మిగతా పని వాళ్లే చూసుకుంటారు: విప్పడం, ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తుపట్టడం, డ్రైవర్లు సర్దడం, ఒకసారి బూట్ చేసి చూడటం, ఏఎంఐ (మెషీన్లు లేపడానికి వాడే అమెజాన్ ఇమేజ్) తయారుచేయడం. దానికి ముందు వీఎంఇంపోర్ట్ అనే పేరుతో ఒక రోల్ (అనుమతుల కట్ట) ఉండాలి, ఆ రోల్‌ని వాడుకునే అధికారం ఇంపోర్ట్ చేసే వీఎంఐఈ సర్వీస్‌కి ఇవ్వాలి, ఎక్స్‌టర్నల్ ఐడీగా మళ్లీ వీఎంఇంపోర్ట్ అనే రాయాలి, బకెట్ చదివే అనుమతి ఉండాలి. బకెట్ కూడా ఇంపోర్ట్ చేసే రీజియన్‌లోనే ఉండాలి. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలయ్యాక ఇక్కడి టీములకి ముంబై, హైదరాబాద్ రెండూ చేతిలో ఉన్నాయి, హైదరాబాద్‌ది అకౌంట్‌లో విడిగా ఎనేబుల్ చేసుకోవాల్సిన రీజియన్, కాబట్టి కమాండ్‌లో రీజియన్ పేరు ప్రతిసారీ స్పష్టంగా రాయడం మంచిది, డిఫాల్ట్‌కి వదిలేయొద్దు.

కమాండ్ ఇచ్చాక ఒక టాస్క్ ఐడీ వస్తుంది, డిస్క్రైబ్-ఇంపోర్ట్-ఇమేజ్-టాస్క్స్ కొడుతూ ఉంటే కన్వర్టింగ్, అప్‌డేటింగ్, బూటింగ్ అని స్టేటస్ మారుతూ కనిపిస్తుంది. మామూలు ఉబుంటు, విండోస్ సర్వర్ లాంటివాటికి ఇది చక్కగా పనిచేస్తుంది. అప్లయన్స్‌లకి చాలాసార్లు మధ్యలో ఆగి, తెలియని ఓఎస్ అనో, సపోర్ట్ లేని కర్నెల్ వెర్షన్ అనో క్లయింట్ ఎర్రర్ ఇస్తుంది. వెండర్ కర్నెల్‌ని తనకి నచ్చినట్టు మార్చుకుని ఉంటాడు, లేకపోతే లినక్స్ కాని ఫ్రీబీఎస్‌డీ మీద కట్టి ఉంటాడు. ఇక్కడితో అయిపోయిందనుకోకండి. ఇంపోర్ట్-స్నాప్‌షాట్ అని ఇంకో కమాండ్ ఉంది, అది లోపల ఏ ఓఎస్ ఉందో చూడదు, డిస్కుని తీసుకుని స్నాప్‌షాట్‌గా మార్చి ఇచ్చేస్తుంది అంతే. దానికి ఓవీఏ ఇవ్వలేం, విప్పిన డిస్కు ఇవ్వాలి. ఆ స్నాప్‌షాట్ మీద రిజిస్టర్-ఇమేజ్ కొట్టి ఏఎంఐ చేసుకోవచ్చు. రూట్ డివైస్ పేరు, బూట్ మోడ్, ఈఎన్ఏ ఉందా లేదా అన్నవి అప్పుడు మనమే చెప్పాలి, అంటే బాధ్యత మొత్తం మన మీదకి వస్తుంది. లోపల ఈఎన్ఏ, ఎన్‌వీఎంఈ డ్రైవర్లు లేవని తెలిస్తే టీ2 లాంటి పాత, జెన్ హైపర్‌వైజర్ తరం ఇన్‌స్టెన్స్ మీద ముందు లేపి చూడొచ్చు. లేచిందో లేదో తెలుసుకోవడానికి గెట్-కన్సోల్-ఔట్‌పుట్ ఉంది, అప్లయన్స్ సీరియల్ పోర్ట్‌కి మెసేజీలు రాస్తే అక్కడ కనిపిస్తాయి.

మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ గురించి ఒక్క మాటే: వీహెచ్‌డీ ఫార్మాట్ డిస్కు కావాలి, వీహెచ్‌డీఎక్స్ కుదరదు, అదీ ఫిక్స్‌డ్ రకం, డిస్కు సైజు ఎంబీల్లో పూర్ణాంకం కావాలి. ఈ చివరి షరతు చూసుకోకుండా నూరు జీబీలు ఎక్కించాక రిజెక్ట్ అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ముందే క్యూఎము ఇమేజ్ రీసైజ్‌తో గుండ్రంగా చేసి, ఫోర్స్ సైజ్ ఆప్షన్‌తో మార్చండి.

సెక్యూరిటీ సంగతి చాలామంది పట్టించుకోరు కాబట్టి చెప్తున్నాను. డిస్క్ ఇమేజ్ అంటే ఊరికే పడున్న డేటా అనిపిస్తుంది, కానీ ఈ ఫార్మాట్లకి వేరే ఫైళ్లని చూపించే శక్తి ఉంది. వీఎండీకే డిస్క్రిప్టర్‌లో డేటా ఫలానా ఫైల్లో ఉంది అని ఒక పాత్ రాయొచ్చు, క్యూకౌ2లో బ్యాకింగ్ ఫైలు, బయటి డేటా ఫైలు అని రాయొచ్చు. దీన్ని వాడుకుని క్లౌడ్ సర్వర్ మీదున్న ఫైళ్లని చదవగలిగే లోపాలు ఓపెన్‌స్టాక్‌లో బయటపడ్డాయి: 2023 జనవరిలో వీఎండీకే వైపునుంచి సీవీఈ-2022-47951 (సీవీఈ అంటే లోపానికి ఇచ్చే నమోదు సంఖ్య), 2024 జూలైలో క్యూకౌ2 వైపునుంచి సీవీఈ-2024-32498. వాటికి ప్యాచ్‌లు వచ్చాయి, ఫార్మాట్ తనిఖీ గట్టిపడింది, మీరు చెప్పిన ఫార్మాట్‌కీ లోపలున్నదానికీ తేడా ఉంటే ఇప్పుడు తిప్పికొట్టే అవకాశం ఎక్కువ. ఎవరో ఇచ్చిన డిస్కుని ఇన్ఫో కమాండ్‌తో చూడకుండా మన ఇన్‌ఫ్రాలోకి పంపకూడదు అనడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

నా వాదనకి ఎదురు వచ్చే మాటలు నేను విన్నవే. మొదటిది, క్లౌడ్ కంపెనీ మార్కెట్‌ప్లేస్‌లో వెండర్ రెడీగా పెట్టిన ఇమేజ్ ఉంటే ఇదంతా ఎందుకు అని. నిజమే, ఉంటే అదే వాడండి, కేవీఎం కోసం క్యూకౌ2 ఇస్తే అదే తీసుకోండి, ఇంపోర్ట్ చేయకపోవడమే అన్నిటికంటే మంచి ఇంపోర్ట్. నేను చెప్తున్నది ఓవీఏ తప్ప వేరే దారి లేనివాళ్లకి. రెండోది బరువైన అభ్యంతరం: ఇమేజ్ లోపల చెయ్యి పెడితే వెండర్ సపోర్ట్ పోతుంది కదా అని. పోవచ్చు. ఒక వెండర్ నుంచి ఈఎస్ఎక్స్ఐ మీద మాత్రమే సపోర్ట్ అని మాకు సూటిగా మెయిల్ వచ్చింది. అలాంటప్పుడు నా లెక్క ఇది: లోపల ఏమీ మార్చకుండా, బయటి ప్రాపర్టీలతోనే, అంటే సాటా, ఈ1000 లాంటివాటితో నడిస్తే వేగం కొంచెం తగ్గినా అలాగే నడపాలి. లోపల మార్చక తప్పకపోతే ఏం మార్చామో ఒక్కో లైనూ స్క్రిప్ట్‌లో ఉండాలి, టికెట్ పెట్టినప్పుడు ఆ స్క్రిప్ట్‌ని జతచేయాలి. ఏం మార్చారో తెలియదు అన్న మాటకీ, ఇదిగో ఇవే మార్చాం అన్న మాటకీ సపోర్ట్ ఇంజనీర్ దగ్గర చాలా తేడా ఉంటుంది. లైసెన్స్ మ్యాక్ అడ్రస్‌కో, మెషీన్ యూయూఐడీకో కట్టేసిన ప్రోడక్టులయితే ఇంపోర్ట్‌కి ముందే వాళ్లతో మాట్లాడాలి. ఓపెన్‌స్టాక్‌లో మెషీన్‌కి నెట్‌వర్క్ పోర్ట్ తయారుచేసేటప్పుడు మ్యాక్ మనమే ఇచ్చుకోవచ్చు, ఏడబ్ల్యూఎస్‌లో ఆ వీలు లేదు.

మూడోది, కొత్తగా చేరిన పిల్లలకి కమాండ్ లైన్ కష్టం కదా, బటన్ అయితే ఎవరైనా చేస్తారు అని. ఈ మాట నాకు అస్సలు నచ్చదు. ఓపెన్‌స్టాక్ వెబ్ కన్సోల్ హారిజన్‌లో ఎవరో ఎప్పుడో ఎక్కించి వెళ్లిపోయిన ఇమేజ్‌ని తర్వాత చేతికి తీసుకున్నవాళ్లని అడగండి. పేరు చివర ఫైనల్-న్యూ అని ఉంటుంది. ఇమేజ్ షో కొడితే ప్రాపర్టీలు, సైజు, చెక్‌సమ్ కనిపిస్తాయి. ఏ ఓవీఏ నుంచి వచ్చింది, లోపల ఏమైనా మార్చారా, ఏ టూల్‌తో కన్వర్ట్ చేశారు, ఇవేవీ కనిపించవు. చేసిన మనిషి ఇప్పుడు వేరే కంపెనీలో ఉంటాడు. వెండర్ సెక్యూరిటీ ప్యాచ్‌తో కొత్త వెర్షన్ ఇచ్చిన రోజున ఆ పని చేయాల్సింది ఈ కొత్త పిల్లలే, టెన్షన్ పడేదీ వాళ్లే. వాళ్ల ముందు ఒక స్క్రిప్ట్ పెట్టండి: దింపు, చెక్‌సమ్ చూడు, విప్పు, ఇన్ఫో చూడు, మార్చు, పంపు, ప్రాపర్టీలు పెట్టు, మూసిన నెట్‌వర్క్‌లో లేపు, లాగ్ చూడు. చదివితే ఒక పూటలో అర్థమవుతుంది, స్క్రీన్‌షాట్లతో నింపిన వర్డ్ డాక్యుమెంట్ కంటే ఎన్నో రెట్లు బాగా.

వెండర్లని అడగాల్సింది కూడా ఉంది, కస్టమర్లుగా మనం అడగట్లేదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో వర్టియో, ఎన్‌వీఎంఈ, ఈఎన్ఏ డ్రైవర్లు కలపడానికి వాళ్ల బిల్డ్‌లో ఒక లైను చాలు, సైజు పెద్దగా పెరగదు. యూయూఐడీతో మౌంట్ చేయడం, సీరియల్ కన్సోల్ తెరవడం, క్లౌడ్-ఇనిట్ పెట్టడం, ఇవేవీ కొత్త కనిపెట్టుళ్లు కావు. కొనుగోలు సమయంలో, ఇంకా సంతకం పడకముందు, కేవీఎం మీద నడుస్తుందా, క్యూకౌ2 ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగితే జవాబు త్వరగా వస్తుంది. రెన్యువల్ అయిపోయాక అడిగితే ఫీచర్ రిక్వెస్ట్ నంబర్ ఒకటి చేతిలో పెడతారు.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు నేను చేసే మొదటి పని పాత ఓవీఎఫ్‌నీ కొత్త ఓవీఎఫ్‌నీ పక్కపక్కన పెట్టి డిఫ్ కొట్టడం. రెండూ రిపోలోనే ఉంటాయి, టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి బరువు కాదు. ఎక్కువగా వెర్షన్ నంబరూ డిస్కు సైజూ మారతాయి, అప్పుడు స్క్రిప్ట్ అలాగే నడిపేస్తాను. మొన్న ఒకదానిలో ఫర్మ్‌వేర్ బయోస్ నుంచి ఈఎఫ్ఐకి మారింది, రిలీజ్ నోట్స్‌లో ఆ ఊసే లేదు. స్క్రిప్ట్‌లో యూఈఎఫ్ఐ ప్రాపర్టీ ఒకటి చేర్చి, కామెంట్‌లో ఓవీఎఫ్ లైను నంబర్ రాసి, కమిట్ చేసి ఇమేజ్ పంపాను. మొదటి బూట్‌లోనే లాగిన్ స్క్రీన్ వచ్చింది.